ఇంకో చుట్టు

14 నవంబర్ 2022, సోమవారం

ఉద్యోగం పోయింది.

రాసి చూసుకున్నాను. రెండే మాటలు. ఇంకాస్త పెద్దగా ఉంటుందనుకున్నాను.

పదకొండూ ఇరవైకి గదిలోకి పిలిచారు. పదకొండూ నలభైకి రోడ్డు మీద ఉన్నాను. గదిలో హెచ్‌ఆర్ అమ్మాయి, పక్కన విశ్వనాథం గారు. ఆ అమ్మాయి కాగితంలో ఉన్నదంతా చదివింది, నా పేరు దగ్గర మాత్రం ఆగిపోయింది. నాగమల్లేశ్వరి అనడం ఆమెకు రాదు. రెండేళ్ళుగా 'నాగా' అనే పిలిచేది. చివరికి ఇవాళ కూడా 'నాగా' అనే తీసేసింది.

విశ్వనాథం గారు నీళ్ళ బాటిల్ మూత తిప్పుతూ కూర్చున్నారు. విప్పడం, బిగించడం, మళ్ళీ విప్పడం. మా టెస్టింగ్ టీముకి ఆయనే లీడ్ కాబట్టి ఉండాలట, అది రూలట. నాకంటే ఆయన ముఖమే వాడిపోయి ఉంది. పాపం.

కార్డు తీసేసుకున్నారు. మెడతాడు సంగతి ఎవరూ అడగలేదు. నీలం రంగు తాడు, కంపెనీ పేరు అల్లి ఉంటుంది, చివర ఖాళీ కొక్కెం.

మే నెలలో కొత్తవాళ్ళకి కుర్చీలు చాలక కొందరిని ప్యాంట్రీలో కూర్చోబెట్టారు. వారానికి ముగ్గురు రిక్రూటర్లు ఫోన్ చేసేవాళ్ళు. 'ఇప్పుడు ఆలోచన లేదండీ' అని నేనే పెట్టేసేదాన్ని. ఎంత హాయిగా అనేదాన్నో ఆ మాట.

ఇంకోటి. వుడ్‌ల్యాండ్స్ నుంచి కొత్త రైలు దారి నిన్ననే పూర్తిగా తెరిచారు. ఆఫీసుకి పావుగంట కలిసొస్తుంది. రెండేళ్ళు ఎదురుచూశాను దానికోసం. ఒక్కరోజు వాడుకున్నాను.

అమ్మకి చెప్పలేదు.

15 నవంబర్, మంగళవారం

సుస్మిత ఫోన్ చేసి ఏడ్చింది. పక్క సీటు. ఏడు నెలల పాప ఉంది దానికి, పాప ఏడుపూ దీని ఏడుపూ కలిసిపోయాయి. నేనే ఓదార్చాను.

"ఊరుకోవే. పోయింది నా ఉద్యోగం కదా, నువ్వెందుకు?"

"నిన్న నీ సీటు ఖాళీగా ఉంటే చూడలేకపోయానే మల్లీ." ముక్కు చీదింది. తర్వాత, "అదీ... పన్నెండున్నరకి మ్యాచ్ ఉంది కదా. ఆడతావా?"

నవ్వొచ్చింది. కార్డు పోయింది, మెయిల్ పోయింది, లాప్‌టాప్ పోయింది. పాచికలాట మాత్రం మిగిలింది, అది సొంత ఫోన్ నంబర్‌తో రిజిస్టర్ అయింది కాబట్టి. కంపెనీకి గుర్తులేదు.

"విశ్వనాథం గారు ఏమన్నారు?"

"సారే అడగమన్నారు. నీ పేరు తీసేది లేదన్నారు."

మంచివారు.

ఆడాను. చాంగీ బిజినెస్ పార్క్‌లోని కంపెనీలన్నిటి మధ్యా ఫోన్‌లో పాచికల కప్పు. జట్టుకి నలుగురు, మనిషికో కాయ. బోర్డు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి మన గుమ్మం ముందు ఆగితే, మన వంతు రాగానే యాప్ అడుగుతుంది: 'లోపలికా? ఇంకో చుట్టా?' పదిహేను సెకన్లు టైము. ఏమీ నొక్కకపోతే అదే లోపలికి పంపేస్తుంది. లోపలికి పోతే కాయ పండినట్టు. నాలుగు కాయలూ ముందు పండిన జట్టుదే గెలుపు. దారిలో ఎదుటివాళ్ళ కాయ ఉన్న గడిలో మన కాయ పడితే అది చచ్చి మొదటికి పోతుంది. అంతే ఆట.

టెస్టర్ బుద్ధి. రూల్సు రాసుకుంటే గానీ మనసు కుదుటపడదు.

రూల్సులో లేనిది ఒకటుంది. ఎదుటివాళ్ళ కాయ ఒక్కటైనా చంపకుండా మన కాయ లోపలికి పోకూడదు. యాప్‌లో అలా ఎక్కడా లేదు. కానీ మొదటి మ్యాచ్‌లో, ఒకరికొకరు చెప్పుకోకుండానే, నలుగురమూ గుమ్మం దాకా వచ్చి 'ఇంకో చుట్టు' నొక్కాం. విశ్వనాథం గారిది తెనాలి, సుస్మితది కాకినాడ, మా టీము కుర్రాడు తిరుమలేష్‌ది సిద్ధిపేట, నాది ఒంగోలు. గవ్వలతో ఆడుకున్న ప్రతి అరుగు మీదా అదే పద్ధతి మరి. ఎదుటి జట్టు ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఇదేదో పెద్ద ఎత్తు అనుకుని బెదిరి ఓడిపోయారు.

"రూలు లేకపోతే ఏమైందమ్మా, పద్ధతి ఉందిగా," అన్నారు విశ్వనాథం గారు. అప్పట్నుంచి అదే మా జట్టు చట్టం. ఎవరినీ చంపకుండా లోపలికి పోయినవాళ్ళు మర్నాడు అందరికీ టీ పోయించాలి.

ఇవాళ కూడా గెలిచాం.

16 నవంబర్

ఉద్యోగంతో వచ్చిన పాస్ రద్దయినట్టు మెయిల్ వచ్చింది. ఇవాళ్టినుంచి ముప్పై రోజులు. డిసెంబర్ పదహారులోగా ఇంకో ఉద్యోగం చూపించాలి, లేకపోతే దేశం వదలాలి.

చదివి, మళ్ళీ చదివి, బట్టలు ఉతుక్కున్నాను.

17 నవంబర్

ఎప్పట్లాగే ఏడుంబావుకి బయల్దేరాను.

తారాదేవి ఆంటీ గుమ్మం దగ్గరే ఉంది. ఈ ఫ్లాట్ ఆమెది, నాది అందులో చిన్న గది. ఆమె తాతగారు విశాఖ దగ్గర్నుంచి వచ్చారట. ఆమె తెలుగులో అరవమూ మలయ్ కూడా ఉంటాయి. అరవై ఆరేళ్ళు, కళ్ళు మాత్రం గద్దకళ్ళు.

"ఏం పిల్లా, మకాన్ అయిందా, తిన్నావా?"

"అయింది ఆంటీ."

"మెడలో తాడు ఏదీ? రోజూ వేసుకుంటావు కదా."

లోపలికి వెళ్ళి తాడు తెచ్చుకున్నాను. కొక్కెం కనపడకుండా చొక్కా జేబులో దోపుకున్నాను. కార్డు జేబులో ఉన్నట్టే ఉంది.

ఎక్కడికి పోవాలో తెలియక కాళ్ళు ఆఫీసు దగ్గరి ఎక్స్‌పో స్టేషన్‌లోనే దిగాయి. ఫుడ్ కోర్టులో మూల బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు పట్టుకుని, ఇక్కడివాళ్ళ మాటలో చోప్ చేసుకుని, నా సొంత లాప్‌టాప్ తెరిచాను. పదకొండున్నరకి లేచిపోయాను. పావు తక్కువ పన్నెండుకి మా ఫ్లోర్ వాళ్ళు దిగుతారు. ఆ ఇడ్లీ కొట్టు ముందు ఎవరు ఏ వరసలో నిలబడతారో కూడా నాకు తెలుసు.

18 నవంబర్

పదకొండు చోట్లకి అప్లై చేశాను. ఇకమీదట ఎన్నో రాయను.

22 నవంబర్, మంగళవారం

క్వార్టర్ ఫైనల్. స్టేషన్ ప్లాట్‌ఫారమ్ మీద, చిట్టచివరి బెంచీలో కూర్చుని ఆడాను. ఏసీ ఉంటుంది, సిగ్నల్ ఉంటుంది, ఎవరూ మనల్ని రెండోసారి చూడరు. రైలు ఎక్కకపోతే తర్వాతి రైలుకోసం ఆగామనుకుంటారు.

ఆడుతూ కాల్‌లో మాట్లాడుకుంటాం. రైలొచ్చింది, తలుపులు జాగ్రత్తని మైకు చెప్పింది.

"అక్కా, ఏడున్నవ్?" తిరుమలేష్. "రైలు సప్పుడొస్తుంది?"

"ఇంటర్వ్యూకి వెళ్తున్నా."

"మస్తున్నవ్ పో. ఇంటర్వ్యూకి పోతా పోతా మంది కాయలు చంపుతున్నవ్."

మూడు చంపాను ఇవాళ. మా జట్టులో ఎవరూ ఒక్క మ్యాచ్‌లో మూడు చంపలేదు. చివరి కాయ వాళ్ళ గుమ్మానికి రెండు గళ్ళ దూరంలో ఉంది. దాన్ని అందుకోవాలంటే నాకు సరిగ్గా ఐదు కావాలి. ఐదే పడింది. ఒళ్ళంతా ఒక్కసారి వెచ్చబడింది. సిగ్గేసింది కూడా. ఎవరో తెలియని మనిషి, పొద్దుట్నుంచీ నడిచి నడిచి గుమ్మం దాకా వచ్చి ఉంటుంది.

"బంగారు తల్లివమ్మా," అన్నారు విశ్వనాథం గారు. "నువ్వు లేకపోతే ఈ జట్టు లేదు."

కాల్ పెట్టేసే ముందు, తనకు తెలిసిన ఇద్దరికి నా రెజ్యూమె పంపానని చెప్పారు. ఆయనకేం అవసరం? ఎవరు చేస్తారు ఈ రోజుల్లో?

23 నవంబర్

రూల్సు మళ్ళీ చదివాను. పన్నెండో రూలు: పేర్లిచ్చాక మనిషిని మార్చకూడదు, ముగ్గురే ఉన్న జట్టు తప్పుకోవాలి.

అంటే నేను లేకపోతే జట్టు నిజంగానే లేదు.

అయితే ఏమిటి? అయినా మంచివారే. రెజ్యూమె పంపమని పన్నెండో రూలు చెప్పలేదు కదా.

25 నవంబర్

ఇంటర్వ్యూ. వీడియోలో ఇద్దరు. పావుగంట బాగా జరిగింది. చివర్లో, "పాత ఉద్యోగం ఎందుకు మానేశారు?" అని అడిగారు. 'కొత్తది నేర్చుకోవాలని' అన్నాను. ఇద్దరూ ఒకేసారి ఏదో రాసుకున్నారు.

అమ్మ ఫోన్. ఒంగోలు కలెక్టరాఫీసు ఎదురుగా అమ్మ జిరాక్స్ షాపు. నా ఆఫర్ లెటర్ లామినేషన్ చేయించి మిషన్ పైన గోడకి పెట్టింది. జిరాక్సులకొచ్చే ఇంజనీరింగ్ పిల్లలందరికీ చూపిస్తుంది. ఇవాళ ఒక పిల్ల దాన్ని ఫోటో తీసుకుందట, దేవుడి పటం పక్కన పెట్టుకుంటానని.

"నీ పేరు స్పెల్లింగ్ అందులో ఎంత బాగుందో," అంది అమ్మ.

29 నవంబర్, మంగళవారం

సెమీఫైనల్ గెలిచాం.

నాకు రోజులు రెండే రకాలు ఇప్పుడు. ఆట ఉన్న రోజు, లేని రోజు. ఆట ఉన్న రోజు పన్నెండున్నరకి ఎవరో నాకోసం ఎదురుచూస్తుంటారు. 'మల్లీ, నీ వంతు' అంటారు. ఆ మూడు మాటలకోసం పొద్దున్నే తలస్నానం చేస్తున్నాను.

గెలిచాక ఒక కబురు తెలిసింది. ఫైనల్ తొమ్మిదో తేదీన, మా కంపెనీ బిల్డింగ్‌లోనే, మూడో అంతస్తు హాల్లో. ఫోన్లలోనే ఆడతాం కానీ రెండు జట్లూ ఒకచోట కూర్చోవాలి. పెద్ద తెర పెడతారు.

కాల్‌లో ఇంటినుంచి ఆడుతున్న సుస్మిత వాళ్ళ పాప ఏదో అంటోంది.

"నేను చూసుకుంటానమ్మా," అన్నారు విశ్వనాథం గారు చివరికి. "విజిటర్‌గా రాయించి తీసుకెళ్తాను."

1 డిసెంబర్

ఆ వీడియో ఇంటర్వ్యూ వాళ్ళు కాదన్నారు. 'మీ ప్రయత్నాలకు శుభాకాంక్షలు' అన్నారు.

సాయంత్రం కిటికీ దగ్గర నిలబడ్డాను. పదకొండో అంతస్తు నుంచి పక్క దేశానికి పోయే జొహోర్ వంతెన కనపడుతుంది. బైకులు బారులు తీరి అటు ఇళ్ళకి పోతున్నాయి, పొద్దున మళ్ళీ ఇటు వస్తాయి. ఆంటీ కూడా నెలకోసారి అటు వెళ్ళి జుట్టు కత్తిరించుకుని వస్తుంది, కూరగాయలకి వెళ్ళొచ్చినట్టు. నా పాస్‌పోర్టుతో అటు వెళ్ళాలన్నా వీసా, ఇటు తిరిగి రావాలన్నా వీసా. ఎదురుగా కనపడుతున్నంత మాత్రాన దగ్గర కాదు.

ఆంటీ వచ్చి పక్కన నిలబడింది. చేతిలో నా నీలం తాడు. ఉతకడానికి బుట్టలో వేసిన చొక్కా జేబులో మరిచిపోయాను.

"కార్డు లేదు లా," అంది.

"ఆఫీసులో మరిచిపోయాను ఆంటీ."

"ఎన్నాళ్ళయింది మరిచిపోయి?"

నేను వంతెన మీది బైకుల వైపు తిరిగాను.

"మా ఆయనకీ పోయింది పిల్లా, షిప్‌యార్డ్‌లో, ఎనభై ఐదులో. మూడు నెలలు టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరాడు. నాకు రెండో రోజే తెలుసు. డబ్బా వాసనే చెప్తుంది కదా. మధ్యాహ్నం ఎండలో పార్కులో తిన్న అన్నం వేరే వాసన." తాడు మడిచి నా చేతిలో పెట్టింది. "రేపట్నుంచి ఇంట్లో తిను. అక్కడ ఫుడ్ కోర్టులో తినొద్దు. సరేనా?"

సరే అన్నాను. రేపు మళ్ళీ ఏడుంబావుకే బయల్దేరతానని ఆమెకీ తెలుసు.

6 డిసెంబర్, మంగళవారం

పది రోజులున్నాయి.

పదకొండున్నరకి తిరుమలేష్ ప్లాట్‌ఫారమ్ మీదికే వచ్చేశాడు. నా బెంచీ దగ్గరికి తిన్నగా, వెతుక్కోకుండా.

"నీకెలా తెలుసురా?"

"రైలు సప్పుడు ప్రతిసారి ఒక్కతీరే ఉంది అక్కా. ఇదే ఆఖరి స్టేషనని చెప్తది గదా. ఇంటర్వ్యూలన్నీ ఎక్స్‌పోలనే ఐతయా?" నవ్వబోయి ఆపేశాడు. చేతిలో సంచీ. నా కప్పు, చెప్పులు, సగం తిన్న కందిపొడి సీసా, మేలో అందరికీ ఇచ్చిన చిన్న కుండీ మొక్క. "నీ సీట్ల కొత్తోళ్ళు కూసుంటరట. పారేస్తరని తెచ్చిన. మొక్కకు నీళ్ళు నేనే పోసిన."

కూర్చున్నాడు. ఒక రైలు వెళ్ళింది.

"అక్కా, సారు మీద కోపం పెట్టుకోకు."

"కోపమెందుకు?"

"అంటే... చెప్తనన్నడు గదా. చెప్పలేదా?" ముఖం మారిపోయింది. "నీ యవ్వ, నేనే చెప్పినట్టయింది."

ఇక ఆపలేకపోయాడు. లీడ్‌లందర్నీ పిలిచి తలా ఒక్క పేరు రాసిమ్మన్నారట. ఒక్కటే పేరు. ఇవ్వకపోతే ఆ లీడ్ పేరే రాసుకుంటామన్నారట. విశ్వనాథం గారు రెండు రోజులు ఆగి, ఆదివారం పొద్దున పంపారు.

"మా ఇద్దర్ని పిలిచి ఆయనే చెప్పిండు. ఏడ్చిండు గూడ. సుస్మితకు సంటిపిల్ల, నాకు ఫిబ్రవరిల పెండ్లి. నాగమల్లేశ్వరి తెల్వైంది, ఆమెకైతే ఎక్కడన్న దొరుకుతది అన్నడు."

"నాకు తెలుసు," అన్నాను.

"తెలుసా? మరెట్ల ఆడుతున్నవ్ అక్కా ఆయనతోని?"

"పన్నెండవుతోంది, వెళ్ళు. ఆలస్యమవుతుంది నీకు."

వాడు మెట్లెక్కుతూ నాలుగుసార్లు వెనక్కి చూశాడు.

తెలుసు అని ఎందుకన్నాను? ఇంటికొచ్చి ఈ పుస్తకం మొదటి పేజీ తిప్పి చూశాను. బాటిల్ మూత గురించి ఆ రోజే రాశాను. విప్పడం, బిగించడం, మళ్ళీ విప్పడం. ఏమీ తెలియనిదాన్నయితే ఉద్యోగం పోయిన రోజు ఎవరిదో బాటిల్ మూత గురించి రాస్తానా?

మంచివారు అని రాసినచోటల్లా కొట్టేద్దామని పెన్ను తీశాను. కొట్టలేదు. ఎక్కువ చోట్ల ఉంది.

7 డిసెంబర్

తెలివైనది.

8 డిసెంబర్

రేపు వెళ్ళను.

వెళ్ళను. ముగ్గురే మిగిలితే జట్టు తప్పుకోవాలి. పన్నెండో రూలు. ఆయన్ని గుమ్మం ముందు నిలబెట్టి నేను రాకుండా పోతే చాలు. పాచిక కూడా వేయక్కర్లేదు.

సుస్మిత మెసేజ్: 'మన పసుపు టీషర్టు ఉతికి పెట్టుకో. నీ వెనకే కూర్చుంటా.' కింద పాప ఫోటో. పాపకి కూడా పసుపు చొక్కా తొడిగింది.

టీషర్టు ఇస్త్రీ చేశాను.

9 డిసెంబర్, శుక్రవారం

వెళ్ళాను.

కింద డెస్కులో అదే మలయ్ అంకుల్. రెండేళ్ళు రోజూ గుడ్ మార్నింగ్ చెప్పిన మనిషి. "ఎహ్, నాగా! లాంగ్ లీవ్ ఆ?" అన్నాడు. అవునన్నాను. కార్డు అడిగాడు. తర్వాత నా వెనక నిలబడ్డ తిరుమలేష్ ముఖం చూశాడు, మరేమీ అడగకుండా మిషన్ మీద పేరు కొట్టాడు. ఎవరిని కలవాలి అనే గడి దగ్గర మాత్రం ఆగక తప్పలేదు.

"విశ్వనాథం గారిని," అన్నాను.

తెల్ల స్టిక్కర్ వచ్చింది, విజిటర్ అని. పసుపు టీషర్టు మీద, కంపెనీ పేరుకి పైన అంటించుకున్నాను.

హాల్లో వందమంది దాకా ఉన్నారు. తెర గోడంత. ఎదుటి జట్టు నలుగురూ పక్క బిల్డింగ్‌లోని ఇన్సూరెన్స్ కంపెనీ పిల్లలు, ఇంకా కాలేజీ వాసన పోలేదు. విశ్వనాథం గారు లేచి వచ్చారు. "వచ్చావా అమ్మా," అన్నారు. స్టిక్కర్ వైపు చూడకుండా ఉండాలని ఆయన చేసిన ప్రయత్నం హాలంతటికీ కనపడే ఉంటుంది. చేతిలో అదే బాటిల్.

బాగా ఆడాను. అది రాయాలి. మొదట్లోనే ఒకటి చంపాను, చివర్లో ఇంకోటి, గుమ్మం ముందుకొచ్చి లోపలికి వెళ్ళిపోయాను. హాల్లో మా ఫ్లోర్ వాళ్ళు 'నాగా, నాగా' అని అరిచారు. వాళ్ళలో సగంమందికి నేను లేనని తెలియదు. కాసేపు నాకూ తెలియలేదు.

సుస్మిత కాయ పండింది. తిరుమలేష్‌ది పండింది. విశ్వనాథం గారి కాయ ఒక్కటే మిగిలింది, సరిగ్గా గుమ్మం ముందు. అవతల వాళ్ళదీ ఒక్కటే మిగిలింది, వాళ్ళ గుమ్మానికి మూడు గళ్ళ దూరంలో.

ఆయన వంతు వచ్చింది. తెర మీద గోడంత అక్షరాలు. లోపలికా? ఇంకో చుట్టా?

ఇవాళ ఆయన ఒక్క కాయనీ చంపలేదు.

"సారూ, లోపలికి!" తిరుమలేష్ లేచి నిలబడ్డాడు. "పద్ధతి లేదు గిద్ధతి లేదు, పోండ్రి లోపలికి! టీ నేను పోపిస్త!"

"సార్, మీరేం ముట్టుకోకండి," అంది సుస్మిత వెనక నుంచి. "ఊరికే ఉండండి చాలు. అదే తీసుకెళ్తుంది."

పన్నెండు. పదకొండు. ఆయన తెర చూడటంలేదు. నన్ను చూస్తున్నారు. నేను తల తిప్పుకోలేదు. నాకు తెలుసని ఆయనకి తెలిసిపోయింది. ఎనిమిది. ఏడు. బాటిల్ ఒళ్ళోంచి కిందపడి దొర్లుకుంటూ పోయింది, ఎవరూ వంగలేదు. ఐదు. ఊరికే ఉంటే చాలు. నాలుగు.

మూడు దగ్గర వేలు పెట్టి 'ఇంకో చుట్టు' నొక్కారు.

హాలంతా ఒక్కసారి 'అయ్యో' అంది, ఎవరి భాషలో వాళ్ళు. ఆయనకి నాలుగు పడింది. కాయ గుమ్మం దాటి నాలుగు గళ్ళు ముందుకెళ్ళి ఖాళీ గడిలో నిలబడింది. అవతలి పిల్లలకి మూడు. గుమ్మం. ఆయనకి రెండు. వాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు.

మైకు పట్టుకున్నతను, "రాంగ్ బటన్, అంకుల్?" అన్నాడు. అందరూ నవ్వారు.

లిఫ్టు దాకా ఆయనే దిగబెట్టడానికి వచ్చారు. విజిటర్‌ని ఒంటరిగా పంపకూడదు కదా.

"ఎవర్నీ చంపకుండా ఎట్లా పోతానమ్మా లోపలికి," అన్నారు. నవ్వారు. ఆ నవ్వు నా దగ్గరికొచ్చి ఆగి, ఏదో ఇమ్మన్నట్టు నిలబడింది. "మన పద్ధతి మనది కదా."

"మీకా పట్టింపు అక్కర్లేదు సార్," అన్నాను. "నవంబర్‌లో ఒక పేరు రాసి పంపారుగా. ఎప్పుడో లోపలున్నారు మీరు. ఇవాళ మళ్ళీ గుమ్మం దగ్గర నిలబడి నాకు చూపించడం దేనికి?"

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

10 డిసెంబర్

నిన్న చివర రాసింది అబద్ధం.

ఆయన 'మన పద్ధతి మనది కదా' అన్నంతవరకూ నిజం. తర్వాత నేనన్నది ఇది:

"పర్లేదు సార్, బాగానే ఆడాం. సార్, ఒక రిఫరెన్స్ లెటర్ ఇస్తారా?"

"తప్పకుండా అమ్మా," అన్నారు. ఎంత తేలికపడ్డారో. గుండెల మీది బండ దింపుకున్నట్టు. నేనే దింపాను.

12 డిసెంబర్

లెటర్ వచ్చింది. పేజీ నిండా రాశారు. ఆఖరి వాక్యం: 'చాలా తెలివైన అమ్మాయి, ఎక్కడున్నా రాణిస్తుంది.'

టికెట్ కొన్నాను.

14 డిసెంబర్

సామాను ఇరవై మూడు కిలోలు. మొక్కని విమానంలో రానివ్వరట. ఆంటీకి ఇచ్చాను. కిటికీలో పెట్టింది, వంతెన కనపడేచోట.

"అమ్మకి చెప్పావా?"

"సెలవులని చెప్పాను."

"ఎన్నాళ్ళ సెలవు?"

నేను సూట్‌కేసు జిప్పు లాగుతూ ఉండిపోయాను. ఆంటీ లోపలికెళ్ళి ఒక డబ్బా తెచ్చింది. పాతకాలపు స్టీలు టిఫిన్ డబ్బా, మూత మీద సొట్ట.

"పులిహోర. విమానంలో తిను. ఇంట్లో తిన్నట్టే తిను, దాక్కుని తినకు."

15 డిసెంబర్, గురువారం, ఎయిర్‌పోర్టు

ఎక్స్‌పో మీదుగానే వచ్చాను. రైలు మారాలి అక్కడ. నా బెంచీలో ఎవరో కూర్చుని ఉన్నారు. లాప్‌టాప్ తెరిచి ఉంది. రైలొచ్చింది, ఎక్కలేదు.

ఇంకో గంట ఉంది. అమ్మ ఫోన్ చేసింది. షాపు కట్టేసి చెన్నై దాకా వస్తానంటోంది. మొన్న ఫోటో తీసుకున్న పిల్ల కూడా వస్తానందట, నన్ను ఏవో అడగాలట, ఇక్కడ ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో. "ఒక్క పావుగంట మాట్లాడవే దానితో, పాపం," అంది అమ్మ. మాట్లాడతానన్నాను.

ఆ ఆఫర్ లెటర్ గోడ మీదే ఉంటుంది. దాని కిందే నిలబడి జిరాక్సులు తియ్యాలి నేను.

తోచక యాప్ తెరిచాను. జట్టు పేరు బూడిదరంగులోకి పోయింది. కంప్యూటర్‌తో ఆడుకోవచ్చు, నాలుగు కాయలూ మనవే. మొదలుపెట్టాను. మూడు చకచకా పండాయి, ఒక్కొక్కటీ ఒకదాన్ని చంపి. నాలుగోది అన్నీ తప్పించుకుని, ఎవరినీ ముట్టుకోకుండా, చుట్టూ తిరిగొచ్చి గుమ్మం ముందు నిలబడింది.

లోపలికా? ఇంకో చుట్టా?

వేలు తెర మీదికి తీసుకెళ్ళాను. ఎవరినీ చంపలేదు. ఇంకో చుట్టు తిరగాలి, అది పద్ధతి. పది. తొమ్మిది. ఇంకో చుట్టు తిరగడానికి నాకు ఎక్కడుంది చోటు? ఆరు. ఆయన మూడు దగ్గర నొక్కారు. నేను ఆయనలా కాదు అనుకున్నాను. రెండు. ఏం కాదో మాత్రం తెలియలేదు.

నేనేమీ నొక్కలేదు.

కాయ తనంతట తానే లోపలికి వెళ్ళిపోయింది. తెర మీద రంగుకాగితాలు కురిశాయి, చప్పట్లు మోగాయి. పక్క సీట్లో పెద్దాయన, మోకాళ్ళ మీద సంచీ పెట్టుకున్నాయన, నావైపు తిరిగి నవ్వాడు.

"గెలిచావా అమ్మా?"

"గెలిచానండీ," అన్నాను.

మా వరస పిలుస్తున్నారు.